క్రో తెగ డోలు, హిప్‌హాప్ మైకు: సూపామ్యాన్ పాటల ప్రయాణం

ఆదివాసీ పాట గురించి మన సభల్లో రెండు మాటలు తరచుగా వినబడతాయి. "పాటను ఉన్నదున్నట్టు ఉంచండి, కొత్త వాయిద్యం తగిలితే చెడిపోతుంది" అని పెద్దలంటారు. "ఆ పాత పాట ఎవరు వింటారు, డీజే ఉంటేనే జనం వస్తారు" అని పిల్లలంటారు. గిరిజన బాలికల వసతి గృహంలో పనిచేసే మేము ఈ రెండు మాటల మధ్యనే ఏటా వార్షికోత్సవం జరుపుతున్నాం. ఎవరినీ కాదనలేం. పెద్దల భయంలో నిజం ఉంది, పిల్లల కోరికలోనూ నిజం ఉంది.

ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఐక్యరాజ్యసమితి నియమించిన ఆదివాసీ ప్రజల కార్యవర్గం మొదటిసారి సమావేశమైన రోజు అది. ఆదివాసులు ఒక్క దేశంలోనే లేరు, వారి కష్టాలూ ఒక్క చోటివే కావు అని గుర్తు చేసే రోజు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో మన దగ్గర తెగని ఈ వాదాన్ని సముద్రాల అవతల ఒక ఆదివాసీ కళాకారుడు తన బతుకులో ఎలా తేల్చుకున్నారో రాస్తున్నాం. ఆయన అసలు పేరు క్రిస్టియన్ ప్యారిష్ టేక్స్ ది గన్. పాటల లోకంలో పేరు సూపామ్యాన్. అమెరికాలోని క్రో తెగకు చెందిన ర్యాప్ గాయకుడు, తెగ నృత్యంలో ఆరితేరిన నర్తకుడు.

ఎవరీ క్రో ప్రజలు?

క్రో అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్లు తమను తాము అప్సాలుకే అని పిలుచుకుంటారు. పెద్ద ముక్కు గల పక్షి సంతానం అని దాని అర్థం. వాళ్ల నేల మోంటానా రాష్ట్రంలో ఉంది. ప్రభుత్వం గీసిన హద్దుల లోపలి ఆ భూమిని అక్కడ 'రిజర్వేషన్' అంటారు. మనకు రిజర్వేషన్ అంటే చదువులో, ఉద్యోగాల్లో కోటా. అక్కడ రిజర్వేషన్ అంటే తెగకు మిగిలిన నేల. ఈ తేడా తెలియకపోతే వాళ్ల చరిత్ర చదివేటప్పుడు పొరపడతాం.

ఆ నేల ఎలా మిగిలిందో మూడు అంకెలు చెబుతాయి. 1851 ఒప్పందంలో క్రో ప్రజలదని ఒప్పుకున్న భూమి సుమారు 3 కోట్ల 80 లక్షల ఎకరాలు. 1868 ఒప్పందానికి అది 80 లక్షల ఎకరాలకు దిగింది. ఆ తర్వాత మరికొన్ని కోతలు పడి ఇప్పుడు 23 లక్షల ఎకరాల దగ్గర ఉంది. క్రో ప్రజలు అమెరికా సైన్యంతో యుద్ధానికి దిగినవాళ్లు కూడా కారు. 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కొందరు క్రో యువకులు సైన్యానికి దారి చూపే వేగులుగా పనిచేశారు. స్నేహంగా ఉన్నవాళ్ల భూమికే ఆ గతి పట్టిందంటే, ఎదిరించినవాళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

డోలు నేరమైన రోజులు

భూమి తరువాత వంతు పాటకు వచ్చింది. 1883లో అమెరికా ప్రభుత్వం ఆదివాసీ నేరాల నియమావళి ఒకటి తెచ్చింది. దాని ప్రకారం తెగల నృత్యాలు, పూజలు, వైద్యుల మంత్రాలు నేరాలు. ఆడితే రేషన్ ఆపేస్తారు, లేదా జైల్లో పెడతారు. వేటకు జంతువులు లేకుండా చేసి, ప్రభుత్వం ఇచ్చే తిండి గింజల మీద బతికే స్థితికి తెచ్చిన తరువాత రేషన్ ఆపడమంటే కడుపు మాడ్చి పాట మాన్పించడమే. ఈ నిషేధం 1934 దాకా నడిచింది. ఆదివాసుల మత స్వేచ్ఛను కాపాడే చట్టం రావడానికి 1978 దాకా ఆగాల్సి వచ్చింది.

పెద్దల పాటకు జైలు ఎదురైతే పిల్లల పాటకు బడి ఎదురైంది. 1879లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్ అనే ఊళ్లో, పాత సైనిక శిబిరంలో ఆదివాసీ పిల్లలకు వసతి పాఠశాల తెరిచారు. వందల మైళ్ల దూరం నుంచి రైళ్లలో పిల్లల్ని తెచ్చారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ పద్ధతిలో దేశమంతటా బడులు వెలిశాయి. అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ లెక్క ప్రకారం అలాంటి ప్రభుత్వ వసతి పాఠశాలలు 417. వాటిలో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని 2024 జూలైలో ఆ శాఖే ప్రకటించింది. అదే సంవత్సరం అక్టోబరులో అధ్యక్షుడు జో బైడెన్ క్షమాపణ చెప్పారు.

ఈ అంకె దగ్గర మేము ఆగిపోతాం. వసతి గృహమే మా ఉద్యోగం. మంచం, కంచం, బడి గంట, హాజరు పట్టీ మా రోజువారీ లోకం. అక్కడి బడుల్లోనూ ఇవన్నీ ఉన్నాయి. పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న మాటకు, పాటకు మాత్రం చోటు లేదు. అంటే వసతి గృహం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. లోపలికి వచ్చిన పిల్ల గొంతును అది ఏం చేస్తుందన్నదే ప్రశ్న. 1943లో ఆదిలాబాదు అడవుల్లోని మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించి, గోండి భాషలోనే వాచకాలు తయారు చేయించారు. బడి, ఇంటి భాష ఒకే గదిలో కూర్చోగలవని మన నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. అది మరవకూడదు.

సంప్రదాయమూ ఒకనాటి కొత్తే

నిషేధం ఉన్న కాలంలో క్రో ప్రజలు ఊరుకోలేదు. 1904లో ప్రభుత్వ అధికారి ఒకరు వాళ్లకు వ్యవసాయం అలవాటు చేయాలని పంటల ప్రదర్శన మొదలుపెట్టారు. ఆ ప్రదర్శన పేరుతోనే జనం గుర్రాల ఊరేగింపులు, డోళ్లు, ఆటలు తెచ్చిపెట్టారు. అదే ఈనాటి 'క్రో ఫెయిర్'. ఏటా ఆగస్టులో లిటిల్ బిగ్‌హార్న్ నది ఒడ్డున వందల కొద్దీ గుడారాలు వెలుస్తాయి. అధికారులు పంటల కోసం పెట్టిన సంతను జనం తమ జాతర చేసుకున్నారు.

ఇలాంటి జాతరల్లో తెగలన్నీ కలిసి ఆడే కూడికను 'పావ్‌వావ్' అంటారు. మధ్యలో పెద్ద డోలు, చుట్టూ గాయకులు కూర్చుంటారు. నర్తకులు వాళ్ల చుట్టూ తిరుగుతారు. సూపామ్యాన్ ఆడేది ఇక్కడి 'ఫ్యాన్సీ డ్యాన్స్'. వీపు మీద రెండు పెద్ద ఈకల చక్రాలు, రంగు రంగుల పూసల పని, గిర్రున తిరిగే వేగం. చూసినవాళ్లు ఇది వేల ఏళ్ల నాటి ఆట అనుకుంటారు. నిజానికి దీనికి సుమారు నూరేళ్ల వయసు. 1920ల్లో ఓక్లహోమాలో, ముఖ్యంగా పోంకా తెగ యువకులు, పాత యోధుల నృత్యానికి వేగం, రంగు పెంచి దీన్ని తయారు చేశారు. పూజా నృత్యాల మీద ఆంక్షలున్న రోజుల్లో, ప్రేక్షకుల ముందు ఆడదగిన రూపంగా ఇది పెరిగింది.

అలాగే గజ్జెల గౌను నృత్యం ఉంది. గౌను నిండా లోహపు గొట్టాలు కుట్టి, అడుగు వేసినప్పుడల్లా వాన చినుకుల చప్పుడు వచ్చేలా ఆడవాళ్లు ఆడతారు. ఒజిబ్వే తెగలో 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా కాలంలో, జబ్బు పడ్డ బిడ్డ కోలుకోవాలని ఇది పుట్టిందని వాళ్ల పెద్దలు చెబుతారు. అంటే ఈరోజు సంప్రదాయమని మనం దండం పెట్టేది కూడా ఒకనాడు ఎవరో ఒక అవసరం కోసం కొత్తగా చేసిందే. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్నదే దానికి విలువ తెచ్చింది.

బ్రాంక్స్ వీధిలో పుట్టిన ఆట

ఇక హిప్‌హాప్ సంగతి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520వ నంబరు భవనంలో ఒక చిన్న విందు జరిగింది. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబంలోని యువకుడు కూల్ హెర్క్ అక్కడ రెండు గ్రామఫోను పళ్లేలు పక్కపక్కన పెట్టి, పాటలో డ్రమ్ము ఒక్కటే మోగే ముక్కను మళ్లీ మళ్లీ తిప్పాడు. ఆ ముక్క మీద కుర్రాళ్లు ఆడారు, మైకు పట్టినవాళ్లు మాటలు కట్టారు. పేద నల్లజాతి, ప్యూర్టోరికో పిల్లలు కొత్త వాయిద్యాలు కొనే స్తోమత లేక, ఉన్న రికార్డులనే వాయిద్యాలు చేసుకున్నారు.

డీజే, మాట కట్టే ఎంసీ, నృత్యం, గోడ మీది బొమ్మ. హిప్‌హాప్‌కు ఈ నాలుగూ స్తంభాలంటారు. పావ్‌వావ్‌ను చూడండి. మధ్యలో తాళం పట్టే డోలు ఉంది, నర్తకులున్నారు, పూసల పని, రంగులు ఉన్నాయి. మైకు పట్టుకుని చతుర్లు విసురుతూ కార్యక్రమం నడిపే మనిషి కూడా ఉన్నాడు, ఆయన్ను అక్కడా ఎంసీ అనే పిలుస్తారు. అందుకే రిజర్వేషన్ పిల్లలకు హిప్‌హాప్ పరాయిగా అనిపించలేదేమో అని మా ఊహ. 1990ల తొలి నాళ్లలోనే చెరోకీ తెగకు చెందిన లైట్‌ఫుట్ 'రెడ్ వినైల్' అనే సొంత రికార్డు సంస్థ పెట్టుకుని ర్యాప్ ఆల్బములు తెచ్చారు. 'ది ఇండియన్ ఇన్ ది కబర్డ్' సినిమాలో నటించింది కూడా ఆయనే. సూపామ్యాన్ వంటి కుర్రాళ్లకు ఆయన దారి చూపారు.

మూడు మలుపులు

సూపామ్యాన్ సియాటిల్‌లో పుట్టి, మోంటానాలోని క్రో ఏజెన్సీ అనే ఊళ్లో పెరిగారు. తల్లిదండ్రులను మద్యం పట్టి పీడించింది. కొన్నేళ్లు ప్రభుత్వం అప్పగించిన ఇళ్లలో గడిపి, తరువాత తాత దగ్గర పెరిగారు. ఇవి ఆయన తన శ్రోతల ముందు దాచకుండా చెప్పుకున్న విషయాలే. డోలు, నృత్యం చిన్నప్పుడే అబ్బాయి. 1990ల్లో డీజేగా మొదలై ర్యాప్‌కు వచ్చారు.

మొదటి దశలో ఆయన పాట నగరపు ర్యాప్‌కు అచ్చు. ఆ వీధులు, ఆ దర్పం, ఆ మాట తీరు. సియాటిల్‌లోని ఒక రికార్డు సంస్థతో కలిసి ఊళ్లు తిరిగారు కూడా. ఇంటికి, భార్యాపిల్లలకు దూరమయ్యాక మనసు తిరిగి, సొంత నేలకు వచ్చేశారు.

రెండో దశలో భక్తి వచ్చింది. 'రెజరెక్షన్' పేరుతో క్రైస్తవ విశ్వాసాన్ని ర్యాప్‌లో పాడారు. ఆ పేరులో ఒక శ్లేష ఉంది. రిజర్వేషన్‌ను అక్కడి జనం ముద్దుగా 'రెజ్' అంటారు. పునరుత్థానం అనే అర్థం గల ఇంగ్లీషు మాటలో ఆ 'రెజ్'ను దూర్చి, మన ఊరు మళ్లీ లేస్తుంది అనే భావం తెచ్చారు.

మూడో దశ, మనకు ముఖ్యమైనది, అనుకోకుండా వచ్చింది. అన్నేళ్లూ ఆయన నృత్యాన్ని, ర్యాప్‌ను విడివిడిగానే ఉంచారు. ఈకల దుస్తులు పావ్‌వావ్‌కు, మామూలు బట్టలు ర్యాప్‌కు. ఆ దుస్తుల మీద గౌరవంతోనే ఆ గీత గీసుకున్నారు. ఒక కార్యక్రమంలో రెండూ చేయమని అడిగారట. నృత్యం ముగిసింది, బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. ఈకల దుస్తుల్లోనే మైకు పట్టారు. చూస్తున్న జనం కేరింతలు కొట్టారు. ఈ సంగతి ఆయనే చెప్పారు. అప్పటి నుంచి అదే ఆయన రూపమైంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ దుస్తులు ఆయనకు ఏ కార్యక్రమ నిర్వాహకుడో అద్దెకు తెచ్చి తొడిగినవి కావు. ఆడటం వచ్చాకే వాటిని కట్టారు, ఏళ్ల తరబడి కట్టారు, వాటి మర్యాద తెలుసు కాబట్టే మొదట వెనకాడారు. వెనకాడిన మనిషి కలిపాడు కాబట్టి ఆ కలయిక నిలిచింది.

ఒక్కరే పాడే సామూహిక గానం

2014లో వచ్చిన 'ప్రేయర్ లూప్ సాంగ్' ఆయన్ను రిజర్వేషన్ హద్దులు దాటించింది. ఆ వీడియోలో ఆయన పూర్తి నృత్య దుస్తుల్లో ఒంటరిగా నిలబడి ఉంటారు. పని చేసేది లూప్ యంత్రం. అది మోగించిన దాన్ని పట్టుకుని, ఆగకుండా తిప్పి వినిపిస్తుంది. ముందు చేతి డోలు కొడతారు, యంత్రం దాన్ని తిప్పుతూ ఉంటుంది. దాని మీద పిల్లనగ్రోవి. దాని మీద తెగ పాట రాగం. ఆ పైన నోటితో చేసే డ్రమ్ము చప్పుడు, డీజే పళ్లెం గీతలు. పొరలన్నీ కుదిరాక చివరికి మాట మొదలవుతుంది. ఆ మాట ఒక ప్రార్థన, కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం.

దండారి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. డోలు ఒకరిది, తుడుం ఒకరిది, పెప్రే ఒకరిది, కాలికోమ్ ఒకరిది. ఒకటి లేస్తుంటే ఇంకొకటి వచ్చి కలుస్తుంది. పది మంది చేసే ఆ పనిని ఆయన ఒక్కరే యంత్రం సాయంతో చేశారు. యంత్రం ఆయన డోలును తీసేయలేదు, డోలుకు తోడు తెచ్చింది. ఆ పొరల్లో అన్నిటికన్నా అడుగున ఉన్నది చేతి డోలేనని మరవకూడదు. పునాదిగా తెగ వాయిద్యం, పైకప్పుగా ర్యాప్. మన దగ్గర చాలా 'రీమిక్స్'లలో ఇది తలకిందులవుతుంది. పునాది అంతా యంత్రం చప్పుడు, మధ్యలో ఆదివాసీ పాట రెండు ముక్కలు తాలింపు.

2018లో 'ఇల్యూమినేటివ్స్' ఆల్బము వచ్చింది. ఆ కాలంలోనే వచ్చిన 'వై' అనే పాటలో ఉమటిల్లా తెగకు చెందిన గజ్జెల గౌను నర్తకి అకోసియా రెడ్ ఎల్క్ ఆయనతో కలిశారు. రోగం పోవాలని పుట్టిన నృత్యం ర్యాప్ పక్కన నిలబడింది. అంతకు ముందు 2016లో స్టాండింగ్ రాక్ దగ్గర చమురు పైపులైనుకు వ్యతిరేకంగా తెగలన్నీ కదిలినప్పుడు, బ్లాక్ ఐడ్ పీస్ బృందపు టాబూ నాయకత్వంలో పలువురు ఆదివాసీ కళాకారులు 'స్టాండ్ అప్ / స్టాండ్ ఎన్ రాక్' అనే పాట చేశారు. సూపామ్యాన్ అందులో ఒకరు. ఆ పాటకు 2017లో ఎంటీవీ పురస్కారం దక్కింది. తాగే నీటి కోసం చేసిన పోరాటానికి డోలు, ర్యాప్ రెండూ కలిసి నడిచాయి.

ఎవరి చేతి కిందా లేని పాట

సూపామ్యాన్‌ను స్వతంత్ర కళాకారుడు అంటారు. పెద్ద రికార్డు కంపెనీ ముందుగా డబ్బు ఇస్తుంది, తరువాత అమ్మకాల నుంచి దాన్ని రాబట్టుకుంటుంది, చాలాసార్లు పాట మీద హక్కు కూడా కంపెనీదే అవుతుంది. ఏ పాట ముందు వేయాలి, ఏ బట్ట కట్టాలి, ఏ ఊరు వెళ్లాలి అనేవి దాని చేతిలోకి పోతాయి. స్వతంత్రుడికి ఆ పెట్టుబడి ఉండదు. ప్రచారమూ ప్రయాణమూ తన తిప్పలే. బదులుగా నిర్ణయం తనది.

ఆ నిర్ణయాన్ని ఆయన ఎక్కడ ఖర్చు పెట్టారో చూస్తే మనసుకు హాయిగా ఉంటుంది. ఆయన వెళ్లే వేదికల్లో రిజర్వేషన్ బడులు చాలా ఉన్నాయి. అక్కడ ర్యాప్ చేస్తారు, ఆడతారు, పిల్లల్ని కడుపుబ్బ నవ్విస్తారు, నడుమ మద్యం గురించి, చావాలనిపించే దిగులు గురించి, తన పుట్టుక మీద గౌరవం గురించి మాట్లాడతారు. లాభం లెక్క వేసే కంపెనీ అయితే ఆ బడులకు పంపుతుందా అన్నది అనుమానమే.

ఆయన ఇంటిపేరు టేక్స్ ది గన్. అంటే తుపాకీ లాక్కునేవాడు. పూర్వం క్రో యోధుడు నాయకుడు కావాలంటే నాలుగు ఘనకార్యాలు చేయాలి. శత్రువును తాకి రావడం, శత్రువు ఆయుధం లాక్కోవడం, గుర్రాన్ని తోలుకు రావడం, దండును నడిపించడం. ఆ పేరు విన్నప్పుడల్లా మాకు ఆ రెండో కార్యం గుర్తొస్తుంది. ఒకనాడు ఆయన జాతి గొంతు నొక్కిన భాష ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషునే చేతిలోకి తీసుకుని ఆయన తన జనం గురించి చెబుతున్నారు.

మన వాకిట్లోకి

ఈ చరిత్ర మనకు నేర్పేది ఒక్కటే. కలపడం తప్పు కాదు. ఎవరు కలుపుతున్నారు, ఏది తెలిసి కలుపుతున్నారు, ఎవరి ఇష్టంతో కలుపుతున్నారు అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. క్రో పిల్లవాడు డోలు నేర్చి, ఆట నేర్చి, ఆ తరువాత తన ఇష్టంతో మైకు పట్టాడు. అదే పని బయటివాళ్లు చేస్తే ఎలా ఉంటుందో మనకు తెలుసు. దండారి దీక్షలో స్నానం కూడా మాని, నియమంతో ధరించే నెమలి ఈకల మల్‌బూరను, ఎవరో పెద్దమనిషి వస్తున్నారని ఎండలో గంటల తరబడి స్వాగతానికి నిలబెట్టడం మనం చూస్తున్నాం. అక్కడ యంత్రమూ లేదు, ర్యాపూ లేదు, అంతా 'అసలు సంప్రదాయమే'. అయినా మర్యాద లేదు. సంప్రదాయం పేరుతోనూ పాటను చిన్నబుచ్చవచ్చు, కొత్తదనం పేరుతోనూ పాటను నిలబెట్టవచ్చు.

గుస్సాడీకి కనక రాజు గారికి 2021లో, కోయ డోలి కథలకు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాయి. 2024లో ఇద్దరూ మనల్ని విడిచి వెళ్లారు. ఒక్క ఏడాదిలో రెండు గ్రంథాలయాలు మూతపడ్డట్టయింది. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎంతమంది, ఆ పాటలు ఎంతమంది నోట ఉన్నాయి అన్నది మనం కూర్చుని లెక్క చూసుకోవాల్సిన విషయం.

మా వసతి గృహంలో ఒక నియమం పెట్టుకున్నాం. వార్షికోత్సవానికి ఏ పాట మీదైనా ఆడవచ్చు, ర్యాప్ చేయవచ్చు, డీజే పెట్టుకోవచ్చు. కానీ దానికి ముందు ప్రతి పిల్లా తన ఇంటి నుంచి ఒక పాట తేవాలి. ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ ఊరు, ఏ సందర్భంలో పాడతారు అన్నవి నోటుబుక్కులో రాయాలి. పూజలో మాత్రమే పాడే పాట అని పెద్దలు చెబితే అది వేదిక ఎక్కదు, పుస్తకంలోనే ఉంటుంది. మిగతావి ఎలా కలుపుకుంటారో పిల్లల ఇష్టం. సెలవులకు ఇంటికి వెళ్లిన పిల్లలు అవ్వను అడిగి పాటలు రాసుకు రావడం మొదలైంది. గోండి, కోయ, లంబాడీ పాటలు ఒకే పుస్తకంలో పక్కపక్కన చేరుతున్నాయి.

ఈ సంచిక చదివే అన్నలకు, అక్కలకు, తోటి ఉద్యోగులకు మా విన్నపం కూడా అదే. ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లు ఈ నెలలోనే ఫోను తీసి వాళ్ల పాట రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ చెప్పించండి. ఆ పాటను రేపు మన పిల్లలు ఏ వాయిద్యంతో కలిపినా కలపనివ్వండి. కలపడానికి ముందు వాళ్ల దగ్గర ఒక పాటంటూ ఉండాలి కదా.

జోహార్.